చేరేసరికి ఒంట్లో ఎంత ఆక్సిజన్ మిగిలింది?

"ఆయనకు షుగరుండేది కదా, అందుకే."

2020లో, 2021లో తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కోవిడ్‌తో మనిషి పోయిన ఇంట్లో ఎవరు పలకరించినా ఈ మాట వచ్చేది. షుగరు లేకపోతే బీపీ, బీపీ లేకపోతే వయసు. ఆ మాట తప్పు కాదు. కానీ అంతటితో ఆగిపోతే, పోయినవాళ్లలో కొందరు బతకగలిగినవాళ్లే అన్న సంగతి మరుగున పడుతుంది. పేద ప్రాంతాల ఆసుపత్రుల్లో చేరినవాళ్లలో ఎవరు చనిపోయారు, ఎందుకు చనిపోయారు అన్న ప్రశ్నకు కొంత జవాబు రోగి ఒంట్లోనే ఉంది. కొంత ఆసుపత్రికి వచ్చిన దారిలో ఉంది. ఇంకొంత వార్డు గోడలోంచి వచ్చే ఆక్సిజన్ పైపులో ఉంది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. దీని మీద మన రాష్ట్రం నుంచే మంచి లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు సేకరించిన వివరాలతో రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం చేసిన అధ్యయనం 2020 సెప్టెంబరు చివర్లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. దాదాపు 85 వేల మంది రోగులు, వాళ్లతో మెలిగిన 5.75 లక్షల మంది వివరాలు అందులో ఉన్నాయి. వైరస్ సోకినట్టు తేలినవాళ్లలో మరణాల శాతం 5 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 0.05 ఉంటే, 85 దాటినవాళ్లలో 16.6కు చేరింది. చనిపోయినవాళ్లలో దాదాపు 63 శాతం మందికి అప్పటికే ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బుంది. 45 శాతం మందికి షుగరు, 36 శాతం మందికి బీపీ. వయసు, షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, మగవాళ్లకు కాస్త ఎక్కువ ముప్పు: ప్రపంచంలో ఎక్కడ లెక్క తీసినా ఇవే వరుసగా కనిపించాయి. ఇక్కడ కొత్తగా తేలిందేమీ లేదు.

అదే అధ్యయనంలో ఇంకో రెండు అంకెలున్నాయి. వాటి గురించి మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదు. ఒకటి, ఈ రెండు రాష్ట్రాల్లో చనిపోయినవాళ్లలో 75 ఏళ్లు దాటినవాళ్లు 17.9 శాతమే. అదే సమయానికి అమెరికాలో 58.1 శాతం. మన దగ్గర ముసలివాళ్ల సంఖ్యే తక్కువ కాబట్టి కొంత తేడా ఉండక తప్పదు. అయినా ఇక్కడ మరణాలు ఎక్కువగా పడింది 50 నుంచి 64 ఏళ్ల వాళ్ల మీద. ఇంటి అప్పు, కూతురి పెళ్లి, పొలం కౌలు అన్నీ నెత్తిన మోస్తున్న వయసది.

రెండోది, ఆసుపత్రిలో చేరాక మరణానికి పట్టిన కాలం. ఇక్కడ మధ్యస్థంగా 5 రోజులు, అమెరికాలో 13. ఈ తేడాను రెండు రకాలుగా చదవొచ్చు. అక్కడ ఐసీయూలో యంత్రాల మీద ఎక్కువ రోజులు నిలబెట్టగలిగారు, ఇక్కడ ఆ వసతి లేదు అన్నది ఒకటి. ఇక్కడ రోగులు వచ్చేసరికే జబ్బు ముదిరిపోయింది అన్నది ఇంకొకటి. రెండూ నిజం కావొచ్చు. అయితే షుగరుకు అమెరికాలో ఒక స్వభావం, చిత్తూరులో ఒక స్వభావం ఉండదు. ఆ ఎనిమిది రోజుల తేడాకు కారణం ఒంటి బయట ఎక్కడో వెతకాలి.

వెతకాల్సిన మొదటి చోటు దారి. విభజనకు ముందు చిత్తూరు జిల్లా అంటే 66 మండలాలు, 15 వేల చదరపు కిలోమీటర్లు పైన, 2011 లెక్కల ప్రకారం 41.7 లక్షల జనం. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాలుగా విడిపోయింది కానీ కోవిడ్ వచ్చినప్పుడు ఒకటే జిల్లా. పెద్ద వైద్యమంతా తూర్పు కొసన తిరుపతిలో ఉంది: రుయా, స్విమ్స్, స్విమ్స్ ఆవరణలోనే ఉన్న పద్మావతి మెడికల్ కాలేజీ ఆసుపత్రి. పడమటి కొసన కుప్పం నుంచి తిరుపతికి దాదాపు 200 కిలోమీటర్లు. చిత్తూరు వైపువాళ్లకు తరతరాలుగా పెద్ద జబ్బంటే తమిళనాడులోని రాయవేలూరే (వెల్లూరు). 2020లో రాష్ట్ర సరిహద్దులు మూసేసరికి ఆ దారి కూడా కష్టమైంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. పుంగనూరు దగ్గర పల్లె, 55 ఏళ్లు, ఎకరా టమాటా, రెండు పాడావులు. మొదటి రోజు ఒళ్లునొప్పులు, జ్వరం. రెండో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసి మాత్రలిచ్చాడు. ఐదో రోజుకు జ్వరం జారింది, ఇంట్లో అందరికీ టెన్షన్ తగ్గింది. ఏడో రోజు దొడ్డికి వెళ్లొచ్చేసరికి ఆయాసం. భార్య అడిగితే "రొంత నీరసంగా ఉండాది, అంతే" అన్నాడు. ఎనిమిదో రోజు టెస్టుకు శాంపిల్ ఇచ్చి, రిజల్టు కోసం ఆగారు. తొమ్మిదో రోజు రాత్రి పెదాలు నల్లబడ్డాయి. 108 వచ్చి మదనపల్లెకు తీసుకెళ్తే, వేలికి పెట్టిన ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే చిన్న యంత్రం) 78 చూపించింది. అక్కడ ఆక్సిజన్ పెట్టి "రుయాకు రాశారు". తిరుపతికి ఇంకో మూడు గంటలు. రుయా వాకిట్లో బెడ్డు ఖాళీ అయ్యేదాకా అంబులెన్సులోనే.

ఈ మనిషి పేరు ఏ రికార్డులోనూ లేదు. కానీ అప్పట్లో జిల్లా పడమటి మండలాల్లో ఉన్నవాళ్లెవరిని అడిగినా ఇలాంటి కథ ఒకటైనా చెబుతారు. ఇందులో ఏడో రోజు దగ్గర ఆగి చూడాలి. కోవిడ్‌లో ప్రాణాల మీదికి వచ్చేది చాలామందికి రెండో వారంలోనే. జ్వరం తగ్గాక ఊపిరితిత్తుల వాపు పెరుగుతుంది. అయినా మనిషికి ఊపిరాడనట్టు అనిపించకపోవచ్చు. మనకు ఆయాసం తెలిసేది ముఖ్యంగా రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పెరిగినప్పుడు. కోవిడ్ మొదటి దశలో అది మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. అందుకే 85 ఉన్న మనిషి కూడా కూర్చుని మాట్లాడతాడు, ఫోన్ చూసుకుంటాడు. "బాగానే ఉండాడు" అని ఇంట్లోవాళ్లు అన్నది అబద్ధం కాదు. కంటికి కనబడే గుర్తులు లేవంతే.

ఈ జబ్బులో వేలికి పెట్టే ఆ చిన్న యంత్రానికి ఉన్న విలువ ఇందుకే. మన దేశంలో వాడిన మార్గదర్శకాల ప్రకారం 94 నుంచి పైన ఉంటే తేలిక కేసు, 90 నుంచి 93 వరకు మధ్యస్థం, 90 దిగితే తీవ్రం. ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూస్తే, కూర్చున్నప్పుడు దాక్కున్న లోపం కూడా బయటపడేది. నల్లటి చర్మం మీద ఈ యంత్రం అసలు కంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికాలో 2020 చివర్లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఎండలో పనిచేసే మన రైతు వేలి మీద 94 కనిపిస్తే నిజం అంతకన్నా తక్కువే కావొచ్చు. కాబట్టి అంచు మీద ఉన్న అంకెను చూసి ధీమా పడకూడదు.

2020లో తిరుపతిలో యాత్రికులు దిగే శ్రీనివాసం, విష్ణు నివాసం, తిరుచానూరులో పద్మావతి నిలయం కోవిడ్ కేర్ సెంటర్లయ్యాయి. అక్కడ మంచాలు, భోజనం బాగున్నాయా లేదా అన్న దాని మీదే ఎక్కువ మాట్లాడుకున్నాం. ఇంట్లో దొరకక అక్కడ దొరికింది వేరే ఉంది. క్రమం తప్పకుండా ఎవరో ఒకరు వచ్చి వేలికి యంత్రం పెట్టి అంకె చూడటం. అంకె పడిపోతుంటే పెద్దాసుపత్రి పక్కనే. పుంగనూరు పల్లెలో ఆ మనిషికి ఏడో రోజు పొద్దున ఎవరైనా అలా చూసి ఉంటే, 78 దగ్గర కాకుండా 92 దగ్గర బయల్దేరేవాడు.

ఆలస్యానికి చదువు లేకపోవడమే కారణమని తేల్చేయడం అన్యాయం. ఇంటిల్లిపాదికీ జ్వరమైతే పాలు పితికేదెవరు? కోత కొచ్చిన టమాటా మార్కెట్‌కు పోకపోతే పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది? వార్డులోకి పోతే పక్కన మనవాళ్లెవరినీ ఉండనివ్వరు, పోతే శవాన్ని కూడా ఇవ్వరు అన్న భయం వట్టి పుకారు కాదు, కళ్లతో చూసిందే. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే ముందు ఎంత కట్టాలో తెలియదు. కోవిడ్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చినా, ఆ రోజుకు ఆ ఆసుపత్రిలో ఆ కార్డు మీద బెడ్డు ఉందో లేదో ఫోన్ మీద ఫోన్ చేస్తే తప్ప తెలిసేది కాదు. ఇవన్నీ లెక్కేసుకున్నాకే ఇంట్లోవాళ్లు ఒక రోజు ఆగి చూద్దామనుకున్నారు. ఆ ఒక్క రోజే చాలామందికి ప్రాణాల మీదికి తెచ్చింది.

రెండో చోటు ఆక్సిజన్ పైపు. దీన్ని అంకెల్లో చూస్తేగానీ అర్థం కాదు. వార్డుల్లో కనిపించే పెద్ద సిలిండరులో దాదాపు 7 వేల లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు అవసరమైన రోగికి అది పన్నెండు గంటలు కూడా రాదు. ముక్కులోకి వేగంగా ఆక్సిజన్ పంపే హై ఫ్లో యంత్రం నిమిషానికి 60 లీటర్ల దాకా లాగుతుంది. దాని మీద ఉంటే అదే సిలిండరు రెండు గంటల్లోపే ఖాళీ. అంటే 78తో వచ్చిన ఒక్క రోగికి వాడే ఆక్సిజన్‌తో, 92 దగ్గర వచ్చిన రోగులను ఎంతోమందిని నిలబెట్టవచ్చు. ఆలస్యంగా రావడం ఆ రోగికే కాదు, పక్క మంచం రోగికి కూడా ముప్పు.

పెద్దాసుపత్రుల్లో సిలిండర్లతో సరిపోదు కాబట్టి ద్రవ ఆక్సిజన్ ట్యాంకులు పెడతారు. లీటరు ద్రవం ఆవిరైతే ఎనిమిది వందల లీటర్ల పైచిలుకు వాయువు వస్తుంది. ట్యాంకులో మట్టం తగ్గినా, ఒకేసారి ఎక్కువ మంది హై ఫ్లో మీద ఉన్నా పైపులో ఒత్తిడి పడిపోతుంది. పడిపోయినప్పుడు మొదట అపాయం యంత్రాల మీద ఉన్నవాళ్లకే. వాళ్ల ఒంట్లో నిల్వ ఏమీ ఉండదు, నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు.

2021 మే 10 రాత్రి రుయాలో జరిగింది ఇదే. తమిళనాడు శ్రీపెరుంబుదూరు నుంచి రావాల్సిన ట్యాంకరు ఆలస్యమైంది, ఒత్తిడి పడిపోయింది. అధికారులు చెప్పిన లెక్కలో అంతరాయం ఐదు నిమిషాలు, మరణాలు 11. మృతుల సంఖ్య ఇంకా ఎక్కువని కుటుంబాలు, విపక్షాలు అన్నాయి, విషయం కోర్టుల దాకా వెళ్లింది. అధికారిక లెక్కనే తీసుకుందాం. ఇలాంటి రాత్రి పోయినవాళ్ల వివరాలను మరణాల పట్టికలో ఎక్కిస్తే వయసు, షుగరు, బీపీ అన్న గడులే నిండుతాయి. 'పైపులో ఒత్తిడి లేదు' అని రాయడానికి ఆ పట్టికలో గడి ఉండదు. గడి లేని కారణం ఏ విశ్లేషణలోనూ తేలదు, ఎంత పెద్ద కంప్యూటరు పెట్టి లెక్క కట్టినా.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. బ్రెజిల్‌లో ఆసుపత్రుల్లో చేరిన మొదటి 2.5 లక్షల మంది వివరాలను పరిశోధకులు చూశారు. మొత్తం మీద 38 శాతం మంది చనిపోయారు. అరవై ఏళ్ల లోపు వాళ్లను మాత్రమే తీసుకుంటే, పేదరికం ఎక్కువగా ఉన్న ఈశాన్య ప్రాంతంలో 31 శాతం, స్థితిమంతమైన దక్షిణాన 15 శాతం. ఒకే దేశం, ఒకే వైరస్, ఒకే వయసు గుంపు. ఆఫ్రికాలో 10 దేశాల్లోని 64 ఆసుపత్రుల్లో తీవ్ర దశలో చేరిన 3 వేల పైచిలుకు మందిని చూస్తే 30 రోజుల్లో 48 శాతం పోయారు. ప్రపంచ సగటు అప్పటికి 31.5 శాతం. అక్కడ ముప్పు పెంచినవాటిలో వయసు, షుగరు, కిడ్నీ, లివర్ జబ్బులు, హెచ్‌ఐవీతో పాటు, వసతుల కొరత వల్ల ఐసీయూలో చేర్చడం ఆలస్యం కావడం కూడా తేలింది. ఆ ఒక్క గడిని వాళ్లు పట్టికలో పెట్టారు కాబట్టే అది తేలింది.

షుగరు దగ్గరికి మళ్లీ వద్దాం. షుగరు ఉందని తెలిసి మందులు వాడుతున్నవాళ్లు ఒక రకం. ఆసుపత్రిలో చేరాకే మొదటిసారి తెలిసినవాళ్లు ఇంకో రకం. పల్లెల్లో రెండో రకం తక్కువేమీ కాదు. ఒంట్లో ఏళ్ల తరబడి మూడొందలు దాటి ఉన్నా 'కాళ్లు తిమ్మిర్లు' అనుకుని గడిపేసినవాళ్లు. పట్టికలో ఇద్దరికీ 'షుగరు' అనే రాస్తారు. ఇది పుట్టుకతో వచ్చిన రాతలా చెప్పుకుంటాం కానీ, పీహెచ్‌సీలో ఏడాదికోసారి రక్తం చూసి ఉంటే తగ్గించగలిగిన ముప్పు ఇది.

దీనికి స్టెరాయిడ్ తోడైంది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్, డెక్సామెథాసోన్ అనే పాత, చవక మందు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గిస్తుందని తేల్చింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు లాభమేమీ కనబడలేదు. ఏ పేద ఆసుపత్రికైనా అందుబాటులో ఉన్న మందు. కానీ మన దగ్గర దాన్ని చాలాచోట్ల తిరగేసి వాడారు. జ్వరం వచ్చిన రెండో రోజే, 98 ఉన్నవాడికి కూడా స్టెరాయిడ్ ఇచ్చారు. షుగరు చూడకుండా రోజుల తరబడి కొనసాగించారు. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ అంతగా చెలరేగడానికి అదుపు తప్పిన షుగరు, స్టెరాయిడ్ కలిసిన జోడీ ఒక ముఖ్య కారణం. అదే సమయంలో జనం ఆస్తులు తాకట్టు పెట్టి పరుగెత్తింది రెమ్‌డెసివిర్ కోసం. ఆ మందు మరణాలను పెద్దగా తగ్గించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్ 2020 అక్టోబరులోనే చెప్పింది. కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసి ఎక్కించే ప్లాస్మా మీద కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ మన దేశంలోనే చేసిన ట్రయల్ కూడా అదే నెలలో లాభం లేదని ప్రచురించింది. ఇంట్లోవాళ్లు బ్లాకులో ఇంజెక్షన్ కోసం తిరిగిన ఆ రోజంతా రోగిని బోర్లా పడుకోబెట్టి, ఆక్సిజన్, షుగరు చూసుకునే మనిషి పక్కన ఉండుంటే అంతకన్నా ఎక్కువ మేలు జరిగేది.

ఇలాంటి అధ్యయనాలను చదివేటప్పుడు ఒక పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. "వెంటిలేటర్ పెడితే తిరిగి రారు" అని అప్పట్లో అందరూ అన్నారు. చూసింది నిజమే, వెంటిలేటర్ మీదికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పోయారు. కానీ బాగా ముదిరినవాళ్లకే అది పెడతారు కాబట్టి అలా కనబడుతుంది. ఆ మాట నమ్మి వద్దని సంతకం పెట్టిన కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆసుపత్రులను పోల్చేటప్పుడూ ఇంతే. మదనపల్లె, చిత్తూరు, శ్రీకాళహస్తి నుంచి చెయ్యి దాటిన కేసులన్నీ రుయాకు, స్విమ్స్‌కు వస్తాయి. అక్కడ మరణాల శాతం ఎక్కువుంటే వైద్యం బాగాలేదని అర్థం కాదు. పంపించిన ఆసుపత్రిలో తక్కువుంటే బాగుందనీ కాదు. దారిలోనో ఇంట్లోనో పోయినవాళ్లు ఈ రెండింటి లెక్కలోనూ ఉండరు.

వసతి తక్కువ చోట కూడా చేయగలిగే అంచనా పద్ధతులున్నాయి. బ్రిటన్ వైద్యులు తయారుచేసిన 4సీ స్కోరులో ఎనిమిది అంశాలే: వయసు, ఆడా మగా, ఉన్న జబ్బుల సంఖ్య, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారు, ఆక్సిజన్ అంకె, స్పృహ, రక్తంలో యూరియా, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష). ఇందులో ఆరు మంచం పక్కన నిలబడి, ఒక గడియారం, ఒక ఆక్సీమీటరుతో రాసేయొచ్చు. మనవాళ్లు "సీటీ స్కోరెంత?" అని అడగడం నేర్చుకున్నారు. నిమిషానికి ఎన్ని ఊపిర్లు అని ఎవరూ అడగలేదు. ముప్పై దాటిందంటే తీవ్రమైన కేసని తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

టీకా వచ్చాక ఈ లెక్కలన్నీ మారాయి. దానికి రుజువు కూడా పక్కనే, రాయవేలూరులో ఉంది. సీఎంసీ ఆసుపత్రి తన సిబ్బంది మీదే 2021 రెండో వేవ్‌లో చేసిన పరిశీలనలో, రెండు డోసులు వేసుకున్నవాళ్లకు ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం 77 శాతం, ఆక్సిజన్ అవసరం 92 శాతం, ఐసీయూ అవసరం 94 శాతం తగ్గింది. వయసును మార్చలేం, షుగరును ఒక్క నెలలో పోగొట్టలేం. 78 అంకెతో అంబులెన్సు ఎక్కే పరిస్థితే రాకుండా చేయడం మాత్రం అప్పటికి కుదిరే పనైంది.

రేపు ఇంకో ఊపిరితిత్తుల జబ్బు వచ్చినా, మామూలు న్యుమోనియా కేసులకైనా, కేస్ షీట్‌లో నాలుగు గడులు అదనంగా కావాలి. జబ్బు మొదలై ఎన్నో రోజు, మొట్టమొదట కొలిచినప్పుడు ఆక్సిజన్ ఎంత, మొదటి ఆసుపత్రి గుమ్మం నుంచి ఈ మంచం దాకా ఎన్ని గంటలు పట్టింది, ఇక్కడున్నన్నాళ్లూ ఆక్సిజన్ ఎప్పుడైనా ఆగిందా. నాలుగో దానికి వార్డు సిస్టరు పైపు మీది మీటరు చూసి రాసుకోవాలి. మిగతా మూడింటికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు. స్ట్రెచరు దించుతున్నప్పుడు పక్కనున్న కూతురిని అడిగితే చాలు: "నాయనకు జబ్బు మొదలై ఎన్నో రోజమ్మా? వేలికి యంత్రం మొదట పెట్టినప్పుడు ఎంత చూపించింది? ఇంటికాడ ఎన్నింటికి బయల్దేరారు? మధ్యలో ఎక్కడెక్కడ ఆపారు?"